ఇనుప పట్టీ నుంచి బందూక్ నాలీ దాకా: చేత్తో రైఫిల్ తయారు చేయడం అంటే ఇంత పనా?

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో విలియమ్స్‌బర్గ్ అనే చిన్న పట్టణం ఉంది. 1699 నుంచి 1780 వరకు వర్జీనియాకు అదే రాజధాని. ఆ పాత ఊరిని గత శతాబ్దంలో మళ్లీ పాత రూపంలోకి తెచ్చి, పెద్ద బహిరంగ మ్యూజియంలా నడుపుతున్నారు. కమ్మరి, వడ్రంగి, చెప్పులు కుట్టేవాళ్లు, పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు 18వ శతాబ్దపు బట్టల్లో, ఆనాటి పనిముట్లతోనే పని చేస్తూ కనిపిస్తారు. వాషింగ్టన్ నుంచి కారులో మూడు గంటల్లోపు దూరం కాబట్టి అక్కడి మన తెలుగు కుటుంబాలు పిల్లలను తీసుకుని వెళ్లివస్తుంటాయి.

అక్కడ తుపాకీలు చేసే దుకాణం కూడా ఒకటి ఉంది. 1960లలో దాని బాధ్యత తీసుకున్న వాలెస్ గస్లర్ ఒక పని తలపెట్టాడు. ఫ్యాక్టరీ గొట్టం, కొన్న లాక్, మిషన్ మీద కోసిన కర్ర ఏమీ లేకుండా, ఇనుప పట్టీ, ఇత్తడి, చెట్టు మొద్దు నుంచి మొదలుపెట్టి పూర్తి రైఫిల్‌ను చేత్తోనే చేయాలని. వినడానికి ఇది మామూలుగానే ఉంటుంది గానీ, అప్పటికి ఆ పని మొత్తం తెలిసిన ఉస్తాద్ ఎవరూ మిగల్లేదు. పాత రైఫిళ్లు మిగిలాయి, పాత పనిముట్లు కొన్ని మిగిలాయి, కొన్ని రాతలు మిగిలాయి. చేతి నుంచి చేతికి వచ్చే విద్య మాత్రం ఫ్యాక్టరీల దెబ్బకు తెగిపోయింది. దాన్ని పాత వస్తువుల్లోంచి వెనక్కి చదువుకుంటూ మళ్లీ పట్టుకోవాల్సి వచ్చింది. ఆధునిక కాలంలో ఈ పనిని మొదటి నుంచి చివరి దాకా చేత్తో పూర్తి చేసిన తొలి వ్యక్తిగా గస్లర్‌కు పేరుంది. ఆ పనిని 'గన్‌స్మిత్ ఆఫ్ విలియమ్స్‌బర్గ్' పేరుతో 1969లో డాక్యుమెంటరీగా తీశారు. సుమారు గంట సినిమా. అందులో కొలిమి దగ్గర మొదలైన ఇనుప పట్టీ చివరికి చెక్కడపు పని చేసిన రైఫిల్ అవుతుంది.

ముందు అసలు వస్తువు ఏమిటో

మజిల్‌లోడర్ అంటే మూతి వైపు నుంచి మందు, గుండు కూరే తుపాకీ. మన ఇళ్లలో పెద్దవాళ్ల నోట వినిపించే ఉర్దూ మాటలే దీనికి చక్కగా సరిపోతాయి. గొట్టం నాలీ. భుజానికి ఆనే కర్ర భాగం కుందా. పైకి లాగి వదిలేది ఘోడా. గుండును లోపలికి తోసే పొడవాటి కర్ర గజ్. నిప్పు పుట్టించే రాయి చక్మక్. ఆ నిప్పు మొదట అంటుకునే చిటికెడు మందు రంజక్.

పని చేసే తీరు ఇది. నాలీలో మందు పోసి, నూనె పట్టించిన చిన్న గుడ్డ ముక్కలో సీసపు గుండు చుట్టి గజ్‌తో అడుగుదాకా దింపుతారు. పక్కన చిన్న గిన్నెలో రంజక్ వేస్తారు. మీట నొక్కితే ఘోడా ముందుకు దూకి, దాని నోట్లో ఉన్న చక్మక్ ఒక ఉక్కు రేకును గీరుతుంది. రవ్వలు గిన్నెలో పడి, ఆ మంట పక్కనున్న సన్న బెజ్జం గుండా లోపలి మందును అంటిస్తుంది. అంతకు ముందు కాలంలో చక్మక్ బదులు నిప్పు రాజుకుంటూ ఉండే తాడు వాడేవారు. ఆ తాడు పేరు తోడా, అందుకే ఆ తుపాకీ తోడాదార్.

మరి రైఫిల్ అని దేన్ని అంటారు? నాలీ లోపల మెలికగా గాడులు కోసి ఉంటే అది రైఫిల్. నున్నగా ఉంటే మస్కెట్. మెలిక గాడుల వల్ల గుండు బొంగరంలా తిరుగుతూ వెళ్తుంది, అందుకే దారి తప్పదు. అమెరికాలో పేరు పొందిన లాంగ్ రైఫిల్‌ను జర్మన్ మాట్లాడే వలస కుటుంబాల కారీగర్లు పెన్సిల్వేనియాలో, ముఖ్యంగా లాంకాస్టర్ ప్రాంతంలో, 18వ శతాబ్దంలో రూపుదిద్దారు. తమ దేశపు పొట్టి వేట తుపాకీని సాగదీసి సన్నగా చేశారు. నాలీ ఒక్కటే మూడున్నర అడుగులు దాటేది. తర్వాత దానికే కెంటకీ రైఫిల్ అనే పేరు వచ్చింది.

నాలీ: ప్రాణం ఉన్నది ఇక్కడే

గొట్టం అంటే గుండ్రటి ఇనుప కడ్డీకి బెజ్జం వేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. మూడున్నర అడుగుల పొడవునా చేతి బర్మాతో ఘన ఇనుములో నిటారుగా బెజ్జం వేయడం ఆ రోజుల్లో సాధ్యం కాదు. అందుకే వెడల్పాటి ఇనుప పట్టీని పొడవునా వంచి గొట్టంలా చుట్టి, రెండు అంచులను కొలిమిలో అతికేవారు. చపాతీని కబాబ్ సీకు చుట్టూ చుట్టినట్టు.

అతకడం అంటే ఇక్కడ గ్యాస్ వెల్డింగ్ కాదు, ఇంకో లోహం పోయడం కాదు. ఇనుమును తెల్లగా అయ్యేదాకా కాల్చి, రెండు అంచులనూ సుత్తితో ఒకదానిలో ఒకటి కలిసిపోయేలా కొట్టడం. వేడి తక్కువైతే అతుకు పడదు, ఎక్కువైతే ఇనుమే కాలిపోతుంది. సరైన వేడి దగ్గర కాకరపువ్వొత్తిలా రవ్వలు రాలతాయి. ఉస్తాద్ ఆ రవ్వలను కంటితో చూసి, ఒక్క క్షణంలో బయటకు తీయాలి. లోపల గొట్టం మూసుకుపోకుండా ఒక ఇనుప కడ్డీ దూర్చుతారు. శాగిర్ద్ సమ్మెట దెబ్బలు వేస్తుంటే ఉస్తాద్ చిన్న సుత్తితో ఎక్కడ కొట్టాలో చూపిస్తాడు. కొట్టడం అవగానే కడ్డీని లాగేయాలి, ఆలస్యమైతే అదీ లోపలే అతుక్కుపోతుంది. ఒక్కో వేడికి అతుకు పడేది కొద్ది అంగుళాలే. మధ్యలో మొదలుపెట్టి ఒక చివరకు, తర్వాత ఇంకో చివరకు సాగుతారు. పొడవు మొత్తానికీ ఎన్నిసార్లు కొలిమిలో పెట్టాలో లెక్కేసుకోవచ్చు.

ఆ అతుకులో ఎక్కడైనా మసి, పొలుసు చిక్కుకుంటే పైకి ఏమీ కనబడదు. ఆకురాయి పట్టి నునుపు చేశాక మరీ కనబడదు. కానీ మందు పేలినప్పుడు నాలీ సరిగ్గా అక్కడే చీలుతుంది. అప్పుడు ఎడమ చెయ్యి ఉండేది దాని కిందే. మొదటిసారి నాలీ చేసేవాడికి ఉండే అసలు భయం ఇదే, నగిషీ పని గురించి కాదు.

అతికిన గొట్టం లోపల గరుకుగా, వంకరగా ఉంటుంది. చేత్తో తిప్పే బర్మాకు ఒకదాని తర్వాత ఒకటి కాస్త లావు ములుకులు మారుస్తూ లోపల నునుపు చేస్తారు. వంకర తీయడానికి నాలీని వెలుతురు వైపు పట్టి, లోపల పడే నీడ గీతను చూస్తారు. లేదా సన్నటి దారం లాగి కట్టి చూస్తారు. గీత ఎక్కడ వంగితే అక్కడ బయట సుత్తితో ఒక దెబ్బ. మళ్లీ చూడటం, మళ్లీ ఒక దెబ్బ. బయటి వైపు ఎనిమిది పలకలుగా ఆకురాయితో రాస్తారు. ఇది రోజుల తరబడి పని, చెప్పడానికి ఒక్క వాక్యం.

గాడులు కోసే బల్ల మాత్రం చూసి తీరాలి. అందులో పొడవాటి చెక్క దిమ్మె ఉంటుంది, దాని మీద మెలికలు చెక్కి ఉంటాయి. దిమ్మెను ముందుకు తోస్తే ఆ మెలికల వల్ల అది తిరుగుతుంది. దానికి బిగించిన కర్ర చివర వేలిగోరంత ఉక్కు పలుగు. అది నాలీలోకి వెళ్లి వచ్చేటప్పుడు వెంట్రుకంత ఇనుము మాత్రమే గీసుకొస్తుంది. ఒక గాడి అన్నిసార్లు గీశాక, దిమ్మెను ఒక మెట్టు తిప్పి పక్క గాడి. అన్ని గాడులూ అయ్యాక పలుగు కింద పల్చటి కాగితం ముక్క పెడతారు, పలుగు ఆ కాగితమంత పైకి లేస్తుంది. మళ్లీ మొదటి నుంచి. ఆనాటి రైఫిళ్లలో ఏడు గాడులు మామూలే, సుమారు 48 అంగుళాలకు ఒక చుట్టు తిరగడమూ మామూలే. లోహాన్ని వెయ్యో వంతు అంగుళాల్లో కోసే యంత్రం కర్రతో చేసింది కావడం విశేషం.

అక్బర్ కార్ఖానాలో ఇదే సమస్య

నాలీ అతుకు చీలడం అమెరికా వాళ్ల తలనొప్పి మాత్రమే కాదు. వాళ్లకు 150 ఏళ్లకు పైగా ముందే అబుల్ ఫజల్ 'ఆయినె అక్బరీ'లో బందూకుల గురించి ఒక అధ్యాయం రాశాడు. అందులో ఈ సమస్య దాదాపు ఇంజినీర్ రిపోర్టులా ఉంటుంది. పాత పద్ధతిలో ఇనుమును చదును చేసి రెండు అంచులూ ఎదురెదురుగా అతికేవారనీ, దాంతో ప్రమాదాలు చాలా జరిగేవనీ అతను చెబుతాడు. నాలీలో పావు వంతుకు మించి మందు పోయడానికే భయపడేవారట.

కొత్త పద్ధతిలో ఇనుప పట్టీని ఏటవాలుగా, మెలికలు పడేలా చుట్టేవారు. అంచుకు అంచు కాకుండా ఒక చుట్టు మీద ఇంకో చుట్టు కాస్త ఎక్కేలా పెట్టి, మెల్లగా వేడి చేసి అతికేవారు. ఇందులో ఉన్న లెక్క సింపుల్. గొట్టం లోపల ఒత్తిడి పెరిగినప్పుడు అది అడ్డంగా తెగడం కన్నా పొడవునా చీలడానికే ఎక్కువ అవకాశం. గోడను పొడవునా చీల్చే బలం, అడ్డంగా తెంపే బలానికి రెట్టింపు. ఉడికించిన సాసేజ్ పొడవునా పగిలేది అందుకే. అతుకు పొడవునా ఉంటే బలహీనమైన చోటే ఎక్కువ బలం పడుతుంది. ఏటవాలుగా తిరిగితే ఆ దెబ్బ అతుకు మీద నేరుగా పడదు. ఇనుప కడ్డీ ముక్కలను ఎర్రగా ఉన్నప్పుడే సీకుతో గుచ్చి, మూడు నాలుగు ముక్కలు కలిపి ఒక నాలీ చేసే ఇంకో దారి కూడా అబుల్ ఫజల్ చెప్పాడు. ఉస్తాద్ కబీర్, హుసేన్ అనే ఇద్దరు కారీగర్ల పేర్లు కూడా రాశాడు. ఆ కాలపు చరిత్రల్లో పనివాళ్ల పేర్లు కనబడటం అరుదు, కాబట్టి ఈ ఇద్దరినీ గుర్తుపెట్టుకోవచ్చు.

ఈ కొత్తదనమంతా బాద్‌షా సొంత ఆలోచనే అన్నట్టు రాయడం దర్బారు మర్యాద. అందులో ఎంత బాద్‌షాది, ఎంత ఉస్తాద్‌లది అనేది వేరే విషయం. పరీక్ష పద్ధతి మాత్రం పక్కా. అడుగు భాగం మూయని నాలీని డౌల్ అనేవారు. దాని మీద వాడిన ఇనుము ఎంతో, పొడవు ఎంతో అంకెల్లో చెక్కేవారు. అడుగు మూశాక పాత కుందాకు బిగించి, మూడో వంతు దాకా మందు నింపి పేల్చేవారు. ఎక్కడా తరావిష్, అంటే ఊట, కనబడకపోతేనే తర్వాతి పని. గుండు తిన్నగా పోకపోతే నాలీని వేడి చేసి లోపల కడ్డీ దూర్చి సరిచేసేవారు. చివరికి ఇనుము ఎక్కడి నుంచి వచ్చింది, చేసింది ఎవరు, ఎక్కడ, ఏ తేదీ, ఎన్నో నంబర్ అనేవి తుపాకీ మీదే చెక్కేవారు. ఇనుము కొలిమిలో దాదాపు సగం తరిగిపోతుందనే మాట కూడా ఉంది. నేటికీ కొలిమి పనిచేసే వాళ్లు ఆ మాటను కొట్టిపారేయరు. 16 నాలీలను ఒకేసారి శుభ్రం చేసే చక్రం, దాన్ని తిప్పేది ఆవు అనే ముచ్చట కూడా ఆ పుస్తకంలోదే.

లాక్: గడియారం లాంటి పని

ఘోడా, స్ప్రింగులు, మీట పట్టు ఉన్న భాగాన్ని లాక్ అంటారు. ఇక్కడ ఇనుము స్వభావం మారుతుంది. నాలీకి మెత్తటి ఇనుము కావాలి, ఎందుకంటే అది సాగుతుంది గానీ గాజులా పగలదు. స్ప్రింగుకు మాత్రం ఉక్కు కావాలి. స్ప్రింగును ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది కానీ పెళుసవుతుంది. మళ్లీ సన్నగా వేడి చేసి నీలి రంగు తిరిగేదాకా పదును తగ్గించాలి. రంగు ఒక మెట్టు ముందు ఆగితే స్ప్రింగు విరుగుతుంది, ఒక మెట్టు దాటితే వంగిపోయి తిరిగి రాదు.

మిగతా భాగాలు మెత్తటి ఇనుముతో చేసి, పై పొరను మాత్రం ఉక్కుగా మారుస్తారు. ఎముకల బొగ్గు, తోలు బొగ్గు నింపిన పెట్టెలో ఆ భాగాలను పెట్టి, గాలి పోకుండా మూసి, గంటల తరబడి కాల్చి నీళ్లలో గుమ్మరిస్తారు. బొగ్గులోని కార్బన్ ఇనుము పైపొరలోకి ఎక్కుతుంది. లోపల మెత్తన, బయట ఉక్కు.

ఉక్కు మాట వచ్చింది కాబట్టి మన నేల సంగతి. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం మూసల్లో కరిగించే ఉక్కుకు ఎంత పేరు పొందిందంటే, దాన్ని కొనడానికి ఇరాన్ వ్యాపారులు స్వయంగా అక్కడికి వచ్చి కూర్చునేవారు. 19వ శతాబ్దం మొదట్లో అక్కడికి వెళ్లిన వాయిసీ అనే ఇంగ్లిష్ వైద్యుడు ఇస్ఫహాన్ నుంచి వచ్చిన అలాంటి వ్యాపారిని కలిసి, ఆ పని తీరును రాసిపెట్టాడు. ఆ ఉక్కు ఎక్కువగా కత్తులకు పోయింది. ఇక హైదరాబాద్‌లో అబిడ్స్ దగ్గరి గన్‌ఫౌండ్రీ, అంటే తోప్ కా సాంచా, 18వ శతాబ్దం చివర నిజాం కొలువులోని ఫ్రెంచ్ సేనాని రేమండ్ కాలం నాటిది. పేరులో గన్ ఉన్నా అది ఫిరంగులు పోత పోసిన చోటు. రైఫిల్ దుకాణం కాదు.

కర్ర, ఓపిక

కుందాకు అమెరికా ఉస్తాద్‌లు చారల మేపుల్ కర్ర వాడేవారు. పులి చారల్లా అడ్డంగా వచ్చే ఆ గీతలు రంగు వేసి తెచ్చినవి కావు, కర్ర పోగు అలలుగా పెరగడం వల్ల వచ్చేవి. మొద్దును కోసి ఏళ్ల తరబడి ఆరబెట్టాలి. తడి ఉంటే తర్వాత వంకరపోయి నాలీని కూడా లాగుతుంది.

నాలీ కూర్చునే గాడిని కర్రలో తవ్వడమే అసలు కష్టం. లోహానికి దీపపు మసి పూసి కర్రలో నొక్కి తీస్తారు. మసి అంటిన చోటల్లా ఉలితో సన్నగా గీస్తారు. మళ్లీ మసి, మళ్లీ నొక్కడం, మళ్లీ గీయడం. కాగితం కూడా దూరని విధంగా కూర్చునేదాకా ఇంతే. గజ్ కోసం నాలీ కింద తవ్వే పొడుగు బెజ్జం ఇంకా మోసగత్తె. లోపల బర్మా ఎటు పోతుందో కనబడదు. కాస్త పైకి పోతే నాలీ గాడిలోకి, కాస్త కిందికి పోతే కర్ర పొట్ట చీల్చుకుని బయటకు. నెలల పని ఒక్క మధ్యాహ్నంలో పోతుంది.

నేడు అమెరికాలో మొదటిసారి ఇలాంటి రైఫిల్ చేసేవాళ్లలో చాలామంది నాలీ, లాక్ కొనుక్కుని, కర్ర పని, ఇత్తడి పని, కూర్పు మాత్రమే తమ చేతుల్తో చేస్తారు. అది దొంగపని అని కొందరు మూతి విరుస్తారు గానీ, అందులో పస లేదు. 18వ శతాబ్దపు ఉస్తాద్‌లు కూడా ఇంగ్లండ్, జర్మనీల నుంచి లాక్‌లు, నాలీలు తెప్పించుకునే పని చేసేవారు. అన్నీ ఒక్క చేతి మీద చేయడం అప్పుడూ అరుదే. ఈ హాబీ వెనుక 1933లో ఏర్పడిన జాతీయ మజిల్‌లోడింగ్ సంఘం ఉంది, దాని కేంద్రం ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే పల్లె. అక్కడి ఫెడరల్ చట్టం మూతి నుంచి కూరే ఈ పాత తరహా తుపాకీలను మామూలు తుపాకీల లెక్కలో కలపదు, రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి.

మన దగ్గర ఆ మాట చెల్లదు

ఇది పిల్లలకు స్పష్టంగా చెప్పాల్సిన విషయం. యూట్యూబ్‌లో అమెరికా వాళ్లు గ్యారేజీలో రైఫిల్ చేయడం చూసి, పాత మోడలే కదా, బొమ్మలాంటిదే కదా అనుకునే కుర్రాళ్లు ఉంటారు. 1959 నాటి మన ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేకుండా తుపాకీ తయారు చేయడం, అది మూతి నుంచి కూరే నాటు తుపాకీ అయినా సరే, నేరం. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. పంట కాపలాకు రైతులకు ఇచ్చే తుపాకీకి కూడా లైసెన్స్ ఉండాల్సిందే. తాతల నాటి బందూక్ ఏదైనా ఇంట్లో అటక మీద ఉంటే, దాన్ని తుడిచి గోడకు తగిలించే ముందు వకీలును అడగడం మంచిది. అందులో పాత మందు ఇంకా కూరి ఉండొచ్చు కూడా. మజిల్‌లోడర్‌ను చూసి అది ఖాళీదో నిండిందో చెప్పలేం. కాబట్టి మూతి వైపు చూడటం, ఘోడా లాగి చూడటం అస్సలు వద్దు.

పాత ఆయుధాల పనితనం చూడాలనే సరదా ఉన్నవాళ్లకు హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గ్యాలరీ ఉంది. అక్కడ గానీ ఇంకెక్కడైనా గానీ పాత నాలీ కనబడితే అద్దం దగ్గరికి వంగి, నగిషీని కాదు, ఇనుమునే చూడాలి. దాని మీద మెలికలు తిరిగిన గీతలు కనబడితే అది చుట్టి అతికిన పని. రంజక్ గిన్నె పక్కన బెజ్జం ఎంత పెద్దదైందో చూస్తే ఎంత వాడారో తెలుస్తుంది. మ్యూజియానికి శుక్రవారం సెలవు.